మొదటి కైట్ కొనేముందు గుడ్డ పట్టి చూడండి

తిరుపతిలో సముద్రం లేదు. అయినా కైట్‌సర్ఫింగ్ గురించి నన్ను అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. రామేశ్వరం యాత్రకు వెళ్తారు, అక్కడ పెద్ద పెద్ద రంగుల గాలిపటాలు పట్టుకుని, కాళ్ళకింద బోర్డుతో నీళ్ళమీద జారిపోయేవాళ్ళను చూస్తారు, ఇంటికొచ్చాక నాకు ఫోన్ చేస్తారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఏ కైట్ కొనమంటావు?"

కైట్ చివర కొనమంటాను. ముందు మీ ఒంటికి తగిలించుకునేవి కొనండి. మీ బరువెంతో, మీరు వెళ్ళే చోట గాలి ఎంత వేగంతో వీస్తుందో తెలిశాక కైట్ సంగతి చూద్దాం.

నేను మాత్రం దీన్ని తలకిందులుగా చేశాను. కొర్లగుంటలో మాది టైలరింగ్ షాపు. ఎవరో వాడిన 12 చదరపు మీటర్ల కైట్ తక్కువ ధరకు వస్తుందంటే ఫోటోలు చూసి డబ్బు పంపేశాను. రంగులు కొత్తగా మెరుస్తున్నాయి. పార్సిల్ వచ్చిన రోజు నాయన దాన్ని కుట్టుమిషన్ బల్లమీద పరిచి, రెండు బొటనవేళ్ళ మధ్య గుడ్డ పట్టి నొక్కి చూశాడు. "ఈ గుడ్డలో సత్తువ లేదు నాయనా, పిగిలిపోతాది" అన్నాడు. నేను వినలేదు. రామేశ్వరంలో రెండో రోజే, కైట్ నీళ్ళలో పడి మళ్ళీ లేచేటప్పుడు వెనక అంచు దగ్గర మొదలైన చిరుగు మధ్యదాకా పోయింది. లోతు నడుము దాకే కాబట్టి కైట్ తాళ్ళను, అంటే లైన్లను, చేతిలో పట్టుకునే బార్ అనే కడ్డీకి చుట్టుకుని, కైట్‌ను పడవలా పట్టుకుని నడిచి ఒడ్డుకొచ్చాను. అదే లోతైన నీళ్ళయితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ట్రైనింగ్. మామూలుగా మూడు నాలుగు రోజులు, మొత్తం పది గంటల దాకా పడుతుంది. ఆ రోజుల్లో సామాను నేర్పేవాళ్ళే ఇస్తారు కాబట్టి మీరేమీ కొనక్కర్లేదు. ఒక్క పని మాత్రం చెయ్యండి. చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజూ సాయంత్రం మూడు విషయాలు రాసుకోండి: ఈరోజు గాలి ఎన్ని నాట్లు, ఎన్ని మీటర్ల (చదరపు మీటర్లనే ఇలా అంటారు) కైట్ ఇచ్చారు, అది మిమ్మల్ని లాగిందా లేక మీరే దాన్ని లాక్కోవాల్సి వచ్చిందా. నాలుగు రోజుల తర్వాత ఆ నోట్‌బుక్ చెప్పినంత నిజం మీకు ఏ అమ్మకందారూ చెప్పడు.

గాలి లెక్క ఇక్కడే చెప్పేస్తాను. ఈ ఆటలో గాలిని నాట్లలో కొలుస్తారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 15 నాట్లంటే దాదాపు 28 కిలోమీటర్ల వేగం. మీ బరువును కిలోల్లో తీసుకుని 2.2తో గుణించి, గాలి నాట్లతో భాగిస్తే ఎన్ని చదరపు మీటర్ల కైట్ కావాలో ఉజ్జాయింపుగా వస్తుంది. నా బరువు 68 కిలోలు. గుణిస్తే దగ్గర దగ్గర 150. గాలి 15 నాట్లుంటే 10 మీటర్ల కైట్, 20 నాట్లుంటే 7.5. నేను కొన్నదేమో 12. గుడ్డ గట్టిగా ఉన్నా అది నాకు ఎక్కువే. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలవుతుంది. 15 నుంచి 20 నాట్లకు పెరిగితేనే దాదాపు 1.8 రెట్లు. చెయ్యి తిరిగినవాళ్ళు ఆ తేడాను సర్దుకుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళని అది ఎత్తి పడేస్తుంది. రెండు సైజుల మధ్య ఎటూ తేలకపోతే చిన్నదే తీసుకోండి.

గాలి సూచన చూసేటప్పుడు సగటు వేగం పక్కనే గాలి విసురు ఎంతో కూడా ఇస్తారు, అదీ చూడండి. సగటు 14, విసురు 24 అని ఉంటే ఆ రోజు ఒడ్డునే కూర్చోవడం మేలు.

ఇక కొనడం. మొదట హెల్మెట్, హార్నెస్. ఈ రెండూ కొత్తవే కొనండి, మీ కొలతకే కొనండి. హెల్మెట్ నీటి ఆటలకు చేసినదై ఉండాలి. బైక్ హెల్మెట్‌లో నీళ్ళు చేరి బకెట్‌లా మెడను లాగుతుంది, స్పాంజి నానిపోతుంది.

హార్నెస్ అంటే నడుముకు కట్టుకునే వెడల్పాటి పట్టీ. కైట్ లాగేదంతా చేతులమీద పడకుండా దాని ముందున్న కొక్కేనికి పడుతుంది. నడుముది, కూర్చునే రకం అని రెండు రకాలు. నడుము రకంలో ఒళ్ళు సులువుగా తిరుగుతుంది, ఎక్కువమంది వాడేదీ అదే. కాకపోతే నేర్చుకునేటప్పుడు కైట్ ఎక్కువసేపు నెత్తిమీదే ఉంటుంది కాబట్టి అది పక్కటెముకల మీదకు ఎగబాకి ఒరుసుకుంటుంది. బొజ్జ ఉన్నవాళ్ళకు, నడుము సన్నగా లేనివాళ్ళకు తొడల పట్టీలుండే కూర్చునే రకమే హాయి. దీన్ని పరీక్షించడానికి మన ఇళ్ళలో మంచి సాధనం ఉంది: ఉయ్యాల కొక్కెం. దానికి గట్టి తాడు కట్టి, హార్నెస్ కొక్కేనికి తగిలించి, కాళ్ళు నేలకు ఆనించి పది నిమిషాలు వెనక్కి వాలి వేలాడండి. ఊపిరి ఆడకపోయినా, పట్టీ నాలుగు వేళ్ళ కంటే పైకి జరిగినా ఆ సైజు మీది కాదు. నాయన నాకు బొడ్డు మీదుగా టేప్ పెట్టి కొలిచాడు. ప్యాంటు సైజు నంబరుకు, అసలు నడుముకు రెండంగుళాల తేడా వచ్చింది. మీరూ ప్యాంటు నంబరు చెప్పి ఆర్డర్ పెట్టకండి.

దెబ్బ తగలకుండా వేసుకునే ఇంపాక్ట్ వెస్ట్ కూడా కావాలి. అది లైఫ్ జాకెట్ కాదు, కొంత తేలుస్తుంది, అంతే. ఈత రాకపోతే ముందు ఈత నేర్చుకోండి. ఈ మాటలో బేరం లేదు. లైన్లు చుట్టుకున్నప్పుడు కోసుకోవడానికి హార్నెస్ జేబులో పెట్టుకునే వంకర కత్తి ఒకటి తీసుకోండి. దాని ధర మిగతావాటితో పోలిస్తే ఏమీ కాదు. మన సముద్రం వెచ్చగా ఉంటుంది కాబట్టి మందపాటి వెట్‌సూట్‌తో పనిలేదు. ఎండ తగలకుండా నిండు చేతుల లైక్రా చొక్కా చాలు. గుల్లలు, రాళ్ళు ఉన్న చోట్ల కాళ్ళకు రబ్బరు బూట్లు మరవకండి.

ఇప్పుడు కైట్. ముందువైపు గాలి నింపే లావాటి గొట్టం ఉన్న రకమే తీసుకోండి, అది నీళ్ళలో పడినా మునగదు. ఫ్రాన్స్‌లో లెగెన్యూ సోదరులు 1984లో పేటెంట్ తీసుకున్నది ఈ గాలి గొట్టాల ఆలోచనకే. దీంట్లోనూ ఆకారాలు వేరు. ఇంగ్లీషు సీ (C) అక్షరం ఆకారపు కైట్లు గాలిలో విన్యాసాలు చేసేవాళ్ళవి, మనకొద్దు. బో, డెల్టా, హైబ్రిడ్ అనే రకాల్లో బార్ ముందుకు తోసేస్తే లాగుడు దాదాపు మొత్తం పోతుంది, నీళ్ళలో పడితే సులువుగా లేస్తాయి. మొదటి కైట్‌కు ఈ రెండు గుణాలుంటే చాలు, మిగతా వర్ణనలన్నీ పక్కన పెట్టండి.

అన్నీ కొత్తవి కొంటే లక్ష రూపాయలు ఎప్పుడో దాటిపోతాయి కాబట్టి చాలామంది సెకండ్ హ్యాండ్‌కే వెళ్తారు. తప్పు లేదు. ఐదేళ్ళ కంటే పాతది మాత్రం వద్దంటాను. చేత్తో పట్టుకోకుండా డబ్బు ఇవ్వకండి. గుడ్డ చూసే పద్ధతి ఇది. ఈ గుడ్డలో చిన్న చిన్న గళ్ళుంటాయి, చిరిగితే చిరుగు పాకకుండా ఆపడానికే ఆ నేత. కొత్త గుడ్డ వేళ్ళ మధ్య నలిపితే కొత్త కరెన్సీ నోటులా పెళపెళమంటుంది. ఎండ తిన్న గుడ్డ ఉతికి ఉతికి అరిగిన లుంగీలా మెత్తబడుతుంది. రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి ఎడంగా తోయండి. దారాలు జరిగి సందులు కనిపిస్తే వదిలెయ్యండి. తర్వాత కైట్‌ను ఎండకు ఎదురుగా ఎత్తి కింద నుంచి చూడండి, సూది బెజ్జాలన్నీ చుక్కల్లా కనిపిస్తాయి. వెనక అంచు కుట్టు చివర్లు ముఖ్యం. గాలిలో టపటపా కొట్టుకునేది ఆ అంచే, మొదట పోయేదీ అదే. నాది పోయిందీ అక్కడే. చిన్న చిరుగుకు సరిగ్గా అతికించిన టేప్ ఉంటే భయపడక్కర్లేదు. ముందు గొట్టం కుట్టు విప్పి మళ్ళీ కుట్టిన గుర్తులుంటే, ఎవరు కుట్టారో, ఎందుకు కుట్టారో అడగండి.

గాలి గొట్టాల పరీక్షకు కాస్త ఓపిక కావాలి. కైట్ మీద రాసి ఉన్నంత, మామూలుగా 6 నుంచి 8 పీఎస్‌ఐ, గాలి కొట్టి నీడలో పెట్టండి. వేలితో మీటితే డప్పులా మోగాలి. మూడు గంటల తర్వాత కూడా అదే మోత వినిపించాలి. ముందు గొట్టం నుంచి మధ్యలో ఉండే చిన్న గొట్టాలకు వెళ్ళే పైపుల క్లిప్పులు మూసేస్తే ఏ గొట్టం కారుతోందో విడిగా తెలుస్తుంది. సబ్బునీళ్ళు రాస్తే బుడగలు వస్తాయి, సైకిల్ పంక్చర్ చూసినట్టే. గొట్టంలో బెజ్జం అతుకుతో పోతుంది, దానికి ధర తగ్గించమనండి. వాల్వ్ మొదలు ఊడి వస్తుంటే మాత్రం వద్దు.

బార్ విషయంలో నేను రాజీపడను. కైట్ ఏ కంపెనీదైతే బార్ కూడా ఆ కంపెనీది, ఆ కైట్‌కు సరిపోయే ఏడాదిది తీసుకోండి. ప్రమాదంలో ఒక్క తోపుతో కైట్‌ను వదిలించే క్విక్ రిలీజ్ దీనికే ఉంటుంది. ఈ రిలీజ్‌కు 2020లో ఐఎస్ఓ 21853 అనే ప్రమాణం వచ్చింది, ఆ ముద్ర ఉన్న బార్ దొరికితే ఇంకొంచెం ఖర్చయినా అదే కొనండి. వాడిన బార్ అయితే మళ్ళీ ఉయ్యాల కొక్కెమే గతి. దాని తాడుకు రిలీజ్ తగిలించుకుని బరువంతా వేసి, కళ్ళు మూసుకుని ఒంటి చేత్తో తోయండి. కింద పరుపు వేసుకోండి. రెండోసారి తోయాల్సి వస్తే అది పనికిరాదు. ఇసుక ఇరుక్కుని ఉంటే మంచినీళ్ళతో కడిగి మళ్ళీ చూడండి.

నాలుగు లైన్లూ సమంగా ఉన్నాయా లేదా అన్నది ఇంట్లో తేలదు, వీధిలోకి రావాలి. ఒక్కో లైన్ 20 నుంచి 24 మీటర్లుంటుంది. తెల్లవారుజామున వాహనాలు లేనప్పుడు నాలుగు చివర్లూ ఒకే మేకుకు తగిలించి, అవతలి చివర బార్ పట్టుకుని సమంగా లాగితే బార్ ఎటూ వాలకుండా అడ్డంగా, తిన్నగా నిలవాలి. బరువంతా మోసే మధ్య లైన్లు వాడకంలో సాగుతాయి, అప్పుడు పక్క లైన్లు పొట్టివైపోయి కైట్ గాలిలో నిలవకుండా వెనక్కి జారి పడిపోతుంది. కైట్ మంచిది కాదని జనం అమ్మేసుకునేది చాలాసార్లు ఈ నాలుగంగుళాల తేడాకే. ముడి మార్చితే సరిపోతుంది.

బోర్డు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. రెండు వైపులా ఒకేలా ఉండే ట్విన్‌టిప్ తీసుకోండి. 65 నుంచి 75 కిలోల మనిషికి పొడవు 138 నుంచి 142 సెంటీమీటర్లు, వెడల్పు 41, 42. వంపు తక్కువుండాలి. కాస్త పెద్ద బోర్డు ఉంటే గాలి తగ్గినప్పుడు మునగరు, గాలికి ఎదురు వెళ్ళడమూ త్వరగా వస్తుంది. వాడినదైతే అంచులు ఉబ్బాయా, కాలి పట్టీల స్క్రూలు బిగుస్తున్నాయా చూస్తే చాలు. బోర్డును తాడుతో ఒంటికి కట్టుకోవద్దు. ఆ తాడు సాగి బోర్డు తిరిగొచ్చి తలకే తగులుతుంది.

సముద్రానికి వెళ్ళేలోపు తిరుపతిలోనే సాధన చెయ్యాలనుకుంటే 2 లేదా 3 మీటర్ల ట్రైనర్ కైట్ కొనుక్కోండి, డబ్బు వృథా కాదు. చేతులకు ఆ లాగుడు అలవాటైతే ట్రైనింగ్‌లో ఒక రోజు మిగులుతుంది. కరెంటు తీగలు, రోడ్డు లేని విశాలమైన మైదానం చూసుకోండి. రేణిగుంట విమానాశ్రయం దరిదాపుల్లో ఎగరేయొద్దు. సంక్రాంతి రోజుల్లో మాంజా దారాలు అడ్డం పడతాయి, ఆ వారం మానుకోండి. కొండల పక్కన గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి ఇక్కడ ఎగిరినంత మాత్రాన సముద్రం గాలి తెలిసిపోయిందనుకోకండి.

దగ్గరి సముద్రం కదా అని తూపిలిపాళెం వైపు ఒంటరిగా వెళ్ళొద్దు. అలలుంటాయి, వలలుంటాయి, అడ్డం తిరిగితే తోడెవరూ ఉండరు. పులికాట్ పక్షులది, దాన్ని వదిలెయ్యండి. రామేశ్వరం చుట్టుపక్కల లోతు లేని నీళ్ళున్నాయి, నేర్పేవాళ్ళున్నారు. వేసవి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వైపు గాలి, డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా ఈశాన్యం గాలి. తిరుపతి నుంచి చిత్తూరు, కాట్పాడి మీదుగా నేరుగా రైలుంది. 2025 ఏప్రిల్‌లో కొత్త పంబన్ వంతెన ప్రారంభమయ్యాక రైలు మళ్ళీ వంతెన దాటుతోంది. కైట్ బ్యాగు బెర్తు కిందికి పోతుంది, బోర్డు గోడవైపు నిలబెట్టుకోవచ్చు.

తిరిగొచ్చాక అన్నీ మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి. మన మే నెల ఎండలో మేడమీద ఆరేస్తే గుడ్డ ఆయుష్షు అక్కడే కరిగిపోతుంది. తడిగా మడిస్తే బూజు. బ్యాగును ఎలుకలకు అందకుండా పెట్టండి. నా 10 మీటర్ల కైట్ ఇప్పుడు షాపులో, ప్యాంటు గుడ్డల పై అరలో ఉంటుంది. రామేశ్వరం ప్రయాణానికి ముందు రోజు నాయన దాన్ని దించి, బల్లమీద పరిచి, వెనక అంచు కుట్టు ఈ చివర నుంచి ఆ చివరదాకా వేలితో తడుముతాడు. ఆయన మడిచి ఇచ్చాకే బ్యాగులో పెడతాను.