సీటుకి సరిపోయే ప్యాంటు కొనండి, నడుము టైలర్ చూసుకుంటాడు

ఉద్యోగంలో చేరిన మొదటి నెల నాకు ఆఫీసుకి వేసుకునే ప్యాంట్లు రెండే. హైదరాబాద్‌లో ఒక మాల్‌లో ఒక్కొక్కటి 1,900 పెట్టి కొన్నాను. అప్పటికి జీతం పడలేదు, అమ్మ ఇచ్చిన డబ్బు. నిలబడితే బాగానే ఉండేవి. కూర్చుంటే వెనక నడుము పట్టీలో గుప్పెడు దూరేంత ఖాళీ, తొడల దగ్గరేమో బిగుతు. మాది ఆడిట్ పని. బీరువా కింద అరలోంచి ఫైలు తీయడానికి వంగాలంటే టెన్షన్, చొక్కా వెనక్కి లాక్కోవడంతోనే రోజు గడిచేది. నా ఒంట్లోనే ఏదో తేడా ఉందని చాలా రోజులు బాధపడ్డాను. తేడా ఒంట్లో లేదు, ప్యాంటులో ఉంది.

నా నడుము 29 అంగుళాలు, సీటు, అంటే పిరుదుల చుట్టుకొలత, 40. రెడీమేడ్ కుట్టేవాళ్ళు ఒక్కో సైజుకి నడుముకీ సీటుకీ మధ్య ఇంత తేడా అని ఒక లెక్క పెట్టుకుంటారు. ఆ లెక్కలో మనం ఇమడకపోతే ఒకచోట వదులు, ఇంకోచోట బిగుతు తప్పవు. అందుకే నా చెల్లెలికీ, ఆఫీసులో కొత్తగా చేరే అమ్మాయిలకీ మొదట చెప్పేది ఒకటే: నడుము చూసి ప్యాంటు కొనకండి, సీటూ తొడలూ చూసి కొనండి. నడుము తగ్గించడం టైలర్‌కి అరగంట పని. వెనక మధ్య కుట్టు విప్పి ఒకటి, ఒకటిన్నర అంగుళం లోపలికి తీస్తే సరిపోతుంది. అంతకంటే ఎక్కువ తీస్తే వెనక జేబులు రెండూ దగ్గరకొచ్చేస్తాయి, అప్పుడు పక్క కుట్లు కూడా పట్టుకోవాలి. బిగుతుగా ఉన్న సీటుని వదులు చేయాలంటే మాత్రం లోపల మార్జిన్ ఉండాలి. ఆడవాళ్ళ రెడీమేడ్ ప్యాంట్లలో అది చాలాసార్లు అర అంగుళం కూడా ఉండదు. కొనేముందు ప్యాంటు తిరగేసి కుట్టు పక్కన ఎంత బట్ట మిగిలిందో చూడండి. మగవాళ్ళ ఫార్మల్ ప్యాంట్లలో వెనక మధ్యన మార్జిన్ బాగా వదులుతారు, వాటిని నడుము దగ్గర పెంచుకోవచ్చు కూడా.

షాపుకి వెళ్ళేముందు ఇంట్లో ఒక పని చేయండి. మీకు బాగా అమిరిన ప్యాంటు ఏదైనా, పాతదైనా సరే, నేలమీద పరిచి టేపుతో కొలవండి. సీటు, తొడ, మోకాలు, బాటమ్ (కాలి కింది అంచు), లోపలి కాలు పొడవు. వీటితోపాటు చాలామంది మర్చిపోయే కొలత ఇంకొకటి ఉంది: ముందు నడుము పట్టీ నుంచి కాళ్ళ మధ్యగా వెనక పట్టీ దాకా. కూర్చున్నప్పుడు ప్యాంటు వెనక జారిపోవడానికి చాలాసార్లు కారణం ఈ కొలత చాలకపోవడమే. దీన్ని ఏ టైలరూ తర్వాత సులువుగా పెంచలేడు. ఈ అంకెలన్నీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. లేబుల్ మీద 30 ఉందా 34 ఉందా అన్నది పట్టించుకోకండి, ఒక్కో కంపెనీ 32 ఒక్కోలా ఉంటుంది.

ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు. స్టూల్ ఉంటే కూర్చోండి, లేకపోతే గొంతుక్కూర్చోండి. మెట్టు ఎక్కుతున్నట్టు మోకాలు పైకెత్తండి. ముందు తొడల మొదట్లో అడ్డగీతలు పడితే సీటో తొడో చాలలేదని అర్థం. పక్క జేబులు నోళ్ళు తెరుచుకుంటే సీటు దగ్గర బిగుతు. జేబులో చెయ్యి పెట్టి చూడండి, కొన్నిటికి అవి ఉత్త కుట్లే, జేబులు ఉండవు. ఆఫీసుకి వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని వెళ్ళండి. మామూలు చెప్పులతో పొడవు తగ్గించుకుని, తర్వాత హీల్స్ వేసుకుంటే ప్యాంటు చీలమండ పైన ఆగిపోతుంది.

ఇంత వెతికినా నాకు రెడీమేడ్‌లో దొరికినవి తక్కువే. నా సమస్య అసలు తీరింది బట్ట కొని కుట్టించుకున్నాకే. మా ఊరు విజయవాడ. దసరాకి వెళ్ళినప్పుడు వన్‌టౌన్ వస్త్రలతలో బట్ట తెచ్చుకుంటాను, హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్తాను. 58 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న సూటింగ్ బట్ట నాకు 1.2 మీటర్లు సరిపోతుంది. పొడుగు వాళ్ళు, బాటమ్ వెడల్పుగా కావాలనుకునేవాళ్ళు 1.3 తీసుకోండి. కిందటిసారి బిట్‌కి 420, కుట్టుకూలి 550 అయింది. మాల్‌లో పెట్టినదాంట్లో సుమారు సగం, పైగా జేబులు నిజమైనవి.

బట్టకి వస్తే నా ఓటు టెర్రీ రేయాన్‌కే, అంటే పాలిస్టర్, రేయాన్ కలిపి నేసిన బట్టకి. గుప్పిట్లో నలిపి పది అంకెలు లెక్కపెట్టి వదలండి. మడతలు అలాగే నిలిచిపోతే రోజూ ఇస్త్రీ తప్పదు. ట్యూబ్‌లైట్ కింద మెరుస్తుంటే పాలిస్టర్ ఎక్కువ, మన ఎండలకి అది ఒంటికి అంటుకుంటుంది. వెలుతురుకి అడ్డంగా పట్టినప్పుడు వెనక చెయ్యి కనిపించే బట్ట వద్దు. కాటన్ తీసుకుంటే కుట్టడానికి ముందే ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకులోనే పొట్టిదవుతుంది. మొదటి ప్యాంటు నేవీ బ్లూ, రెండోది ముదురు బూడిద రంగు. ఈ రెండిటితో ఉన్న చొక్కాలు, కుర్తీలు దాదాపు అన్నీ కలుస్తాయి. నల్లది మూడోది, ఎందుకంటే పదేపదే ఉతికితే వెలిసిపోవడం నలుపులో ముందు తెలుస్తుంది.

టైలర్ విషయంలో ఒక మాట. బ్లౌజులు బాగా కుట్టే అక్క దగ్గరికి ప్యాంటు తీసుకెళ్ళకండి, అది వేరే పని. జెంట్స్ టైలర్ దగ్గరికే వెళ్ళండి. మా వీధి టైలర్ మాస్టారు మొదట “లేడీస్‌ది కుట్టనమ్మా” అన్నారు. సీటూ తొడలూ బాగా అమిరిన పాత ప్యాంటు ఆయన టేబుల్ మీద పెట్టి, “దీని కొలతలే మాస్టారూ, నడుము ఒక్కటే రెండు అంగుళాలు తగ్గించండి” అన్నాక ఒప్పుకున్నారు. కొలతలు ఇవ్వడానికి మొహమాటం ఉంటే ఇదే దారి. ఆయనకి మూడు మాటలు చెప్పాను: పక్క కుట్లలో ముప్పావు అంగుళం మార్జిన్ వదలండి, కింద మడతలో రెండు అంగుళాలు ఉంచండి, హెమ్మింగ్ చేతితోనే వేయండి. ఫైనల్ కుట్టు ముందు ఒకసారి ట్రయల్ అడగండి. పండగల ముందు అడిగితే ఎవరూ వినరు, కాబట్టి ఆ రోజులు వదిలేయండి. ఆషాఢంలో బట్టల షాపుల్లో డిస్కౌంట్లు ఉంటాయి, పెళ్ళిళ్ళు లేక టైలర్లకీ కాస్త తీరిక ఉంటుంది. నా ప్యాంట్లన్నీ ఆ నెలలోనే కుట్టించుకుంటాను.

తిరగేసి ఉతకండి, తిరగేసే నీడలో ఆరేయండి. ఇస్త్రీ చేసేటప్పుడు పైన పల్చటి నూలు గుడ్డ వేస్తే సీటు దగ్గరా మోకాళ్ళ దగ్గరా మెరుపు మచ్చలు రావు. మొదటి ప్యాంటు సరిగ్గా కుదిరిన రోజే మాస్టారి పుస్తకంలో మీ కొలతలున్న పేజీని ఫోటో తీసుకోండి. మా మాస్టారు షాపు మారినప్పుడు ఆ పుస్తకం పోయింది. నా ఫోన్‌లో ఉన్న ఫోటో చూసే తర్వాతి రెండూ కుట్టారు.