సూపర్‌హీరో కామిక్స్ చదువుదాం – 2వ పాఠం: ఏ తూము దగ్గర దిగాలి?

పోయిన పాఠంలో లేపాక్షి నాట్యమండపం పైకప్పు మీది కిరాతార్జునీయం బొమ్మలను ఉదాహరణగా పెట్టుకుని, వరుస బొమ్మల్లో కథను కన్ను ఎట్లా పట్టుకుంటుందో చూసినాం. గడి (ఒక్కో బొమ్మ ఉండే చట్రం) తర్వాత గడి, పై మాటల బుడగ ముందు, కింది బుడగ తర్వాత. ఆ అభ్యాసం అయిందనుకుని ముందుకు పోదాం. ఈ పాఠం ఒక్క ప్రశ్న మీదే: ఇన్ని పుస్తకాల్లో ఏది పట్టుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

సూపర్‌మ్యాన్ 1938లో పుట్టినాడు. బ్యాట్‌మ్యాన్ 1939లో, స్పైడర్‌మ్యాన్ 1962లో. ముగ్గురి పుస్తకాలూ నేటికీ నెలనెలా వస్తూనే ఉన్నాయి. "అయితే మొదటి సంచిక నుంచి చదువుతా" అని కూర్చునేవాళ్లలో ఎక్కువమంది పదో సంచిక దాటరు. ఆ కాలపు కామిక్స్‌లో బొమ్మ చూపించిందే పక్కన పెట్టెలో మాటల్లో మళ్లీ రాసేవాళ్లు. కొత్త పాఠకుడికి అది భారం. కేసీ కాలువ నీళ్లు కావాలంటే కడప రైతు సుంకేసుల దాకా నడిచిపోడు కదా. తన చేనికి దగ్గరున్న తూము దగ్గరే దిగుతాడు. ఇక్కడా అంతే. ఎన్నో ఏళ్ల కాలువకు మధ్యమధ్యలో కొత్తవాళ్ల కోసమే కట్టిన తూములున్నాయి. వాటిని గుర్తుపట్టడమే ఈ పాఠం.

ముందు మూడు మాటలు తెలియాలి. ఇష్యూ అంటే నెలకొకటి వచ్చే పలుచటి సంచిక. పిన్ను కొట్టి ఉంటుంది, కథ 20 నుంచి 22 పేజీలు, మిగతావి ప్రకటనలు. ట్రేడ్ అంటే అలాంటి ఐదారు సంచికలను కలిపి కుట్టిన సంపుటం. దాదాపు 110 నుంచి 140 పేజీలుంటుంది, గంటా గంటన్నరలో అయిపోతుంది. మన ఊళ్లలో చదివేవాళ్లకు కొనాల్సింది ఇదే. విడి సంచికలు వెతుక్కుంటూ పోతే నాలుగోది దొరికి ఐదోది దొరకదు.

మూడో మాట రన్. ఒక రచయిత ఒక హీరో పుస్తకాన్ని తెగకుండా రాసిన కాలాన్ని రన్ అంటారు. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలమంటే, దీన్ని పెట్టుకోండి. బొమ్మలాటకు పోయేటప్పుడు ఈ రాత్రి ఏ కథ అని ఎంత అడుగుతామో, ఎవరి మేళం అనీ అంతే అడుగుతాం. రామాయణం ఒకటే అయినా మేళం మారితే ఆట మారుతుంది. బ్యాట్‌మ్యాన్ కూడా ఒకడే, కానీ రాసే మనిషి మారగానే గొంతు, వేగం, చివరికి పాత్రల స్వభావం కూడా మారుతుంది. అందుకే "బ్యాట్‌మ్యాన్ చదవాలి" అనుకోకండి, "ఫలానావాళ్ల బ్యాట్‌మ్యాన్ చదవాలి" అనుకోండి. హీరోను చూసి కొన్న పుస్తకం సగంలో ఆగిపోవచ్చు. రచయిత, చిత్రకారుడు ఎవరో చూసి కొన్నది సాధారణంగా చివరిదాకా నడుస్తుంది.

"నంబర్ 1" అనే ఉచ్చు

అట్ట మీద 1 అని ఉంటే అదే మొదలు అనుకుంటాం. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ అనే ఒక్క పేరు మీదే నంబర్ 1 సంచికలు 1963, 1999, 2014, 2015, 2018, 2022, 2025లలో వచ్చినాయి. ఏడు మొదళ్లు! కొత్త నంబర్ 1 ఎక్కువగా అమ్ముడుపోతుంది, అందుకే కంపెనీలు లెక్కను మళ్లీ మళ్లీ ఒకటికి తెస్తాయి. వాటిలో కొన్ని నిజంగానే కొత్త తూములు. మరికొన్నిటిలో మాత్రం పాత కథ మధ్యలో అంకె ఒక్కటే మారి ఉంటుంది.

దీనికి మందు ఒక్కటే. పుస్తకం చేతికి రాగానే, ఆన్‌లైన్‌లో అయితే కొనుగోలు బటన్ నొక్కేముందే, వెనక అట్ట అడుగున గానీ లోపల కాపీరైట్ పేజీలో గానీ "కలెక్టింగ్" అని మొదలయ్యే వాక్యం చదవండి. ఏ పేరు, ఏ సంవత్సరం, ఎన్నో నంబరు నుంచి ఎన్నో నంబరు దాకా అని అక్కడ ఉంటుంది. పేరు, సంవత్సరం, రచయిత, నంబర్లు: ఈ నాలుగూ ఒక చీటీ మీద రాసుకునే దాకా డబ్బు తీయొద్దు. అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ అన్న పేరుతో 2000లో ఒక వరుస (సిరీస్) మొదలైంది, 2024లో దానితో సంబంధం లేని ఇంకో వరుస మొదలైంది. మొదటిదానిలో హీరో బడి పిల్లాడు, రెండోదానిలో పెళ్లయి ఇద్దరు పిల్లలున్న తండ్రి. సంవత్సరం చూడకుండా తెప్పించుకుంటే ఒకటి అనుకున్నచోట ఇంకొకటి వస్తుంది.

దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. మిస్ మార్వెల్ 2014 వరుస 19 సంచికలతో ఆగి, 2015 చివర మళ్లీ నంబర్ 1తో మొదలైంది. కథ మాత్రం అదే, రచయిత్రి కూడా ఆమే. అందుకని సంపుటాలకు అంకె తిప్పలేదు. నాలుగో సంపుటం తర్వాత ఐదో సంపుటమే, దానిలో మాత్రం మళ్లీ 1వ సంచిక కనబడుతుంది. "ఇదేదో వేరే వరుస" అని పక్కన పెట్టేస్తే కథ మధ్యలో తెగుతుంది.

ఇక సంపుటాల్లో సంచికలు వరుస తప్పే సందర్భం. 2011లో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు తెచ్చే డీసీ కంపెనీ తన హీరో వరుసలన్నిటినీ ఆపి 52 పుస్తకాలను నంబర్ 1తో కొత్తగా తెచ్చింది. వాటిలో స్కాట్ స్నైడర్ రాసి గ్రెగ్ కపుల్లో గీసిన బ్యాట్‌మ్యాన్ కొత్తవాళ్లకు చాలా మంచి తూము. మొదటి సంపుటంలో 1 నుంచి 7, రెండోదానిలో 8 నుంచి 12. ఈ రెండూ కలిసి ఒకే గుడ్లగూబల ముఠా కథ, కాబట్టి మొదటిది ఒక్కటే కొంటే ముగింపు ఉండదు. మూడోది 13 నుంచి 17. నాలుగోదానిలో ఒక్కసారిగా 21కి దూకుతుంది, ఎందుకంటే నాలుగు, ఐదు సంపుటాలు హీరో తొలినాళ్ల కథ. వదిలేసిన 0, 18, 19, 20, 28, 34 సంచికలన్నీ ఆరో సంపుటంలో చేరినాయి. పేజీలు పోయినాయేమో, అచ్చు తప్పేమో అని కంగారు పడొద్దు. కూర్చినవాళ్లు కావాలనే అట్లా కూర్చినారు, సంపుటాల అంకె ప్రకారం చదివితే చాలు.

ఎవరికి ఏది

అసలు ఎంపికకు వద్దాం. ఒకే పుస్తకంలో మొదలై అందులోనే ముగిసే కథ కావాలంటే, బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్. ఫ్రాంక్ మిల్లర్ రాత, డేవిడ్ మజుకెల్లి బొమ్మలు, 1987లో బ్యాట్‌మ్యాన్ వరుసలో 404 నుంచి 407 దాకా వచ్చిన నాలుగే సంచికలు. జనవరి 4న ఇద్దరు మనుషులు ఒకే ఊళ్లో దిగుతారు: కోటీశ్వరుడు బ్రూస్ వేన్, పోలీసు అధికారి గోర్డన్. ఏడాది పొడుగునా వాళ్లిద్దరినీ పక్కపక్కనే నడిపిస్తారు. నిజానికి గోర్డన్ కథే ఎక్కువ బరువైంది. లంచాలు తినే స్టేషన్‌లో నిజాయితీగా ఉండాలంటే ఏమవుతుందో మనవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఒక జాగ్రత్త: బ్రూస్ మనసులోని మాటలు కలిపిరాత అక్షరాల్లో ఉంటాయి, గోర్డన్‌వి విడి అక్షరాల్లో. ఎవరి గొంతో తెలియడానికి అట్లా పెట్టినారు. ఇంగ్లీషు కలిపిరాత అలవాటు లేనివాళ్లకు మొదటి పది పేజీలు నెమ్మదిగా పోతాయి. ఆగకండి, పదకొండో పేజీకల్లా కన్ను అలవాటు పడుతుంది. ఇది నచ్చితే దాని వెంబడే జెఫ్ లోబ్, టిమ్ సేల్‌ల లాంగ్ హాలోవీన్. 13 సంచికలు, ఒక్కో సంచికకు ఒక్కో పండుగ, ఆ పండుగ రోజున ఒక హత్య. అపరాధ పరిశోధన నవలలు ఇష్టపడేవాళ్లు నేరుగా దీనితో మొదలుపెట్టినా నష్టం లేదు.

ఇంగ్లీషు ఇంకా తడబడుతుందంటే, జీన్ లువెన్ యాంగ్ రాసిన సూపర్‌మ్యాన్ స్మాషెస్ ద క్లాన్ తీసుకోండి. మూడే సంచికలు, తేలిక వాక్యాలు, విశాలమైన గడులు. కథ 1946 నాటిది. కొత్త ఊరికి కాపురం వచ్చిన చైనా కుటుంబం చుట్టూ తిరుగుతుంది. బడి పిల్లల చేతిలో ధైర్యంగా పెట్టొచ్చు. సూపర్‌మ్యాన్ పుస్తకాల్లో అందరూ పొగిడేది ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్, 12 సంచికలు. మొదటి పేజీలోనే నాలుగు గడుల్లో, ఎనిమిది ఇంగ్లీషు మాటల్లో హీరో జన్మకథ అంతా తేల్చేస్తుంది. గొప్ప పుస్తకమే, కానీ అంత క్లుప్తంగా చెప్పేదాన్ని ఆస్వాదించాలంటే ముందు పది పుస్తకాలు చదివి ఉండాలి. దాన్ని దాచిపెట్టుకోండి.

స్పైడర్‌మ్యాన్‌కు 2000 నాటి అల్టిమేట్ వరుస. బెండిస్ రాత, బాగ్లీ బొమ్మలు, ఇద్దరూ కలిసి వరుసగా 111 సంచికలు చేసినారు. 1962లో 11 పేజీల్లో ముగించిన సాలీడు కాటు కథను వీళ్లు ఏడు సంచికల మొదటి సంపుటంగా పరిచినారు. పాత కథల జ్ఞానం ఒక్క గింజంత కూడా అక్కర్లేదు. ఇంట్లో కట్టడి, బయట గొడవ అనే రుచి కావాలంటే జి. విల్లో విల్సన్ మిస్ మార్వెల్. పాకిస్తాన్ మూలాలున్న ముస్లిం కుటుంబంలోని పదహారేళ్ల అమ్మాయి కథ. రాత్రిపూట పార్టీకి పోనివ్వని నాన్నతో మొదటి సంచికలోనే గొడవ. ఇది మన వీధిలో జరిగినట్టే ఉంటుంది.

మొదలు, నడుమ, ముగింపు అన్నీ ఒకే చేతి మీదుగా కావాలంటే ఇన్విన్సిబుల్. 2003 నుంచి 2018 దాకా 144 సంచికలు, మొత్తం రాబర్ట్ కిర్క్‌మనే రాసినాడు. దీన్ని చదవడానికి వేరే ఏ హీరో పుస్తకమూ తెలిసి ఉండక్కర్లేదు. అయితే రక్తపాతం ఎక్కువ. అట్ట మీది రంగులు చూసి చిన్నపిల్లలకు ఇవ్వొద్దు.

మొదటి పుస్తకంగా పట్టుకోకూడనివీ చెప్పుకోవాలి. 1985-86 నాటి క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్ డీసీ వాళ్లు తమ పాత లోకాలన్నిటినీ కలిపి కడిగిన కథ. వందలమంది పాత్రలు, ఎవరు ఎవరో తెలియకపోతే చావులు కూడా కదిలించవు. 2006 నాటి సివిల్ వార్ పరిస్థితీ అదే. 2016 సినిమా చూసి అదే కథ అనుకుని కొంటారు. కామిక్‌లో గొడవ పుట్టిన కారణం వేరు, తగవులో నిలబడే మనుషుల్లో చాలామంది వేరు, ముగింపు వేరు. సినిమా పేరును బట్టి కామిక్ కొనడం కొత్తవాళ్లు చేసే అతి మామూలు పొరపాటు. 1986-87 నాటి వాచ్‌మెన్ ఒక్కదానిలో పూర్తయ్యే కథే అయినా, సూపర్‌హీరో అనే ఊహనే నిలదీస్తుంది. నిలదీసేదేమిటో ముందు తెలిసి ఉండాలి కదా.

కొనేముందు ఐదు పేజీల పరీక్ష

కిండిల్‌లో చాలా సంపుటాలకు నమూనా పేజీలు ఉచితంగా వస్తాయి. ఐదు పేజీలు చదవండి. అర్థంకాని మాటల కింద పెన్సిల్ గీత గీసినట్టు మనసులో లెక్క వేసుకోండి. పేజీకి నాలుగైదు అయితే ఫరవాలేదు, బొమ్మే అర్థం చెప్పేస్తుంది. ఎనిమిది దాటితే ఆ పుస్తకం ఆరు నెలల తర్వాతకు. రెండో లెక్క: కథలో ఎవరైనా "అప్పుడు జరిగింది గుర్తుందా" అన్నప్పుడు, ఆ జరిగింది ఏమిటో ఆ పేజీలోనే తెలుస్తున్నదా? ఐదు పేజీల్లో రెండుసార్లు తెలియకుండా పోతే అది తూము కాదు, కాలువ నడుమ.

ఫోన్‌లో చదివేవాళ్లు పేజీ మీద రెండుసార్లు తట్టండి. ఒక్కో గడి తెర నిండా వస్తుంది. కానీ రెండు పేజీల వెడల్పున గీసిన బొమ్మ వచ్చినప్పుడు మాత్రం ఫోన్ అడ్డం తిప్పి మొత్తం చూడండి, లేకుంటే ఆ గీత గీసినవాడి కష్టం వృథా. స్పైడర్‌మ్యాన్, మిస్ మార్వెల్ పుస్తకాలు తెచ్చే మార్వెల్ కంపెనీ వాళ్ల మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో చందా కడితే ఆ కంపెనీ పాతవి కుప్పలుగా దొరుకుతాయి, కొత్త సంచికలు అచ్చయిన దాదాపు మూడు నెలలకు చేరతాయి. దాని ఇబ్బంది ఏమిటంటే, ఎదురుగా వేల పుస్తకాలు కనబడేసరికి పది ముట్టుకుని ఒక్కటీ ముగించరు. కాబట్టి చీటీ రాసుకున్నాకే యాప్ తెరవండి.

పాత పుస్తకాలకు అనంతపురం వాళ్లకు బెంగళూరు చర్చ్ స్ట్రీట్ దగ్గర, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పరిచే పుస్తకాలు దగ్గర. కడప వాళ్లకు ఆన్‌లైనే దారి. పాతవి కొనేటప్పుడు నడుమ విప్పి జిగురు చూడండి, వరుసగా పేజీ నంబర్లు తిప్పండి. జిగురు కుట్టు పుస్తకాన్ని మే నెల ఎండలో బండి డిక్కీలో పెడితే నడుము విరుగుతుంది. మెరుపు కాగితం చెమట చేతికి మరక పడుతుంది. ఆమ్నిబస్ అని వచ్చే ఇటుకంత లావు పుస్తకాలు మొదటి ఏడాదిలో వద్దు. ధర వేలల్లో ఉంటుంది, పడుకుని చదవలేరు, నచ్చకపోతే చుట్టుపక్కల కొనేవాడు దొరకడు. నలుగురు స్నేహితులుంటే తలా ఒక రన్ పంచుకుని, మొదటి సంపుటం మాత్రమే కొని, చేతులు మార్చుకోండి. నాలుగింటిలో ఏది ఎవరికి నచ్చిందో తేలినాకే రెండో సంపుటం.

ఈ వారం అభ్యాసం

పైన చెప్పినవాటిలో మూడింటిని ఎంచుకోండి. ఒక్కోదానికి పేరు, సంవత్సరం, రచయిత, సంచికల నంబర్లు నోటు పుస్తకంలో రాయండి. మూడింటికీ ఐదు పేజీల పరీక్ష పెట్టి, అర్థంకాని మాటల లెక్కను పక్కనే వేయండి. తక్కువ లెక్క వచ్చినదాన్ని కాదు, ఆరో పేజీ చదవాలనిపించినదాన్ని తెచ్చుకుని మొదటి సంపుటం ముగించండి. ముగిసిన రోజున రెండే వరుసలు రాయండి: బొమ్మ నచ్చిందా, రాత నచ్చిందా. 3వ పాఠానికి ఆ రెండు వరుసలతోనే పని. చిత్రకారుడు నచ్చితే అతని వెంబడి ఎట్లా పోవాలి, రచయిత నచ్చితే ఆయన వెంబడి ఎట్లా పోవాలి అని అక్కడ మొదలుపెడతాం.