మొదటి ప్రపంచ యుద్ధ చరిత్ర, 6వ పాఠం: ఆ 57,470 మంది చనిపోలేదు

ఈసారి యుద్ధానికి దారితీసిన 1914 జులై సంక్షోభంలోకి, దానిపై జర్మన్ చరిత్రకారుడు ఫ్రిట్జ్ ఫిషర్ లేవదీసిన వివాదంలోకి వెళ్దామని కిందటి పాఠంలో మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. అందుకు మీ జవాబులే కారణం. సోమ్ పోరు మొదటి రోజు మీద ఒక పేరా రాయమంటే, సగానికి పైగా మంది ఒకే వాక్యంతో మొదలుపెట్టారు: ‘1916 జులై 1న ఒక్క రోజులో 57,470 మంది బ్రిటిష్ సైనికులు ప్రాణాలు కోల్పోయారు.’

సోమ్ అంటే ఉత్తర ఫ్రాన్స్‌లో బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు జర్మన్ల మీద దాడికి దిగిన చోటు. వారం రోజులు ఫిరంగులు మోగినా జర్మన్ల ముళ్లకంచె ఎందుకు తెగలేదు వంటివి మీకు తెలుసనుకుని వదిలేస్తున్నాను. తెలియకపోతే ఏ మంచి పాఠ్యపుస్తకమైనా ఒక పూటలో చెబుతుంది. కానీ ఈ అంకెను వదిలిపెట్టలేను. దీన్ని తప్పుగా చదివినవారు ఆ తర్వాత ఏ యుద్ధం అంకెనూ సరిగా చదవలేరు.

57,470 అనేది ‘క్యాజువాలిటీల’ లెక్క. ఆసుపత్రిలో క్యాజువాలిటీ విభాగానికి వెళ్లినవారంతా శవాలై తిరిగిరారని మనకు తెలుసు. అదే మాట యుద్ధచరిత్రలో కనబడగానే ‘మృతులు’ అని తర్జుమా చేసేస్తాం. సైన్యానికి క్యాజువాలిటీ అంటే మరుసటి రోజు వరుసలో నిలబడని మనిషి. అతను చనిపోయాడా, గాయపడ్డాడా, దొరికిపోయాడా, కనబడకుండా పోయాడా అన్నది ఆ తర్వాతి సంగతి. తెలుగులో ‘హతాహతులు’ (చనిపోయినవారూ గాయపడినవారూ) అనే మంచి మాట ఉంది, కానీ దాన్ని కూడా పత్రికలు చంపేశాయి. అందుకే నేను ‘నష్టం’ అని రాసి, పక్కనే నాలుగు గడులు గీసుకుంటాను. జులై 1 నష్టాన్ని ఆ గడుల్లో వేస్తే: మరణించినవారు, గాయాలతో తర్వాత పోయినవారితో కలిపి 19,240, గాయపడినవారు 35,493, గల్లంతైనవారు 2,152, బందీలు 585. కూడి చూడండి, 57,470 వస్తుంది.

19,240 తక్కువా అని ఒకరు కోపంగా అడిగారు. తక్కువని నేను అనలేదు. మృతులు మూడో వంతే కాబట్టి మొత్తాన్ని మృతులని రాయవద్దంటున్నాను. విద్యార్థిగా నేనూ ఇదే రాశాను. మా మార్గదర్శకుడు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘మిగతా 38,230 మందిని మీరే చంపారు’ అని రాశారు. ఆ కాగితం ఇంకా దాచుకున్నాను.

ఈ గడులు కదలకుండా ఉండవు. మొదటి రాత్రి గల్లంతు గడి అన్నిటికన్నా అబద్ధాలకోరు. వారాలు గడిచేకొద్దీ అందులోంచి కొందరు తమ దళానికి తిరిగి చేరతారు, కొందరు శత్రువు చెరలో తేలతారు, చాలామంది మృతుల గడిలోకి జారిపోతారు. కాబట్టి అంకె ఒక్కటే చాలదు, అది ఏ తేదీ నాటి అంకె అని కూడా అడగాలి. జులై 2న అక్కడి బ్రిటిష్ సేనాధిపతి డగ్లస్ హేగ్ తన దినచర్యలో, నష్టం 40,000 దాటిందని అంచనా అందినట్టు, దాడిలో పాల్గొన్న సంఖ్యనూ దాడి జరిగిన యుద్ధరేఖ పొడవునూ చూస్తే ఇది తీవ్రమైనది కాదన్నట్టు రాసుకున్నాడు. ఆయన్ను మీరు తప్పుపట్టవచ్చు, నేనూ పడతాను. కానీ 57,470 చూసి కూడా చలించలేదని రాస్తే అది నింద అవుతుంది. ఆ రోజు ఆయన బల్లమీద ఆ అంకె లేదు.

అదే రోజు సోమ్‌లోని బోమాన్ అమెల్ గ్రామం దగ్గర దాడికి దిగిన న్యూఫౌండ్లాండ్ (ఇప్పుడు కెనడాలో భాగం) రెజిమెంట్ సంగతి చాలామంది ఉదాహరించారు. సుమారు 800 మంది కందకం దాటారు, మర్నాడు హాజరు పిలిస్తే పలికింది 68 మంది. మీలో నలుగురు వెంటనే ‘700కు పైగా మరణించారు’ అని తేల్చారు. నిజానికి మరణించినవారు, గల్లంతై మరణించినట్టు భావించినవారు కలిసి 324. గాయపడినవారు 386. ఆ 386 మంది ఆసుపత్రి మంచాల మీద ఉండి హాజరు పలకలేదు, అంతే.

ఇక అసలు గొడవ శత్రువు లెక్క దగ్గర మొదలవుతుంది. బ్రిటిష్ అధికారిక చరిత్ర సంపాదకుడు జేమ్స్ ఎడ్మండ్స్, జర్మన్ నివేదికల్లో స్వల్పంగా గాయపడినవారు చేరలేదని వాదించి, ఆ అంకెలకు సుమారు 30 శాతం కలిపాడు. దానితో సోమ్‌లో జర్మన్ నష్టం 6,60,000 దాటింది. బ్రిటిష్ నష్టం సుమారు 4,20,000, ఫ్రెంచ్ నష్టం సుమారు 2,00,000. అంటే ఆ కూడిక తర్వాత శత్రువే ఎక్కువ అరిగిపోయినట్టు తేలుతుంది. కూడిక లేకుండా చూస్తే తూకం అటు మొగ్గదు. ఆ 30 శాతాన్ని తర్వాతి చరిత్రకారులు చాలామంది ఒప్పుకోలేదు. శత్రువు బలాన్ని కొంచెం కొంచెంగా తగ్గించే అరగదీత వ్యూహం ఫలించిందా లేదా అన్న పెద్ద వాదనంతా ‘గాయపడ్డవాడు’ అంటే ఎవరు అన్న చిన్న నిర్వచనం మీద నిలబడి ఉంది. పట్టికలో అంకె కన్నా ముందు పట్టిక కింది గమనిక చదవండి. నేనయితే పుస్తకం తెరిచినా అనుబంధాల నుంచే మొదలుపెడతాను. అది అందరికీ నచ్చే పద్ధతి కాదని తెలుసు.

జర్మన్ పత్రాలు తిరగేసి తేల్చేద్దామనుకోకండి. పాట్స్‌డామ్‌లోని సైనిక అభిలేఖాగారం 1945 ఏప్రిల్ బాంబుదాడిలో చాలావరకు కాలిపోయింది. బ్రిటిష్ సైనికుల వ్యక్తిగత సేవా పత్రాల్లోనూ సగానికి పైగా 1940లో లండన్ మీద పడ్డ బాంబులకు బూడిదయ్యాయి.

అభ్యాసం. ఇది బరువుగానే ఉంటుంది, రెండు వారాలు తీసుకోండి. బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో డబ్ల్యూఓ 95 (వార్ ఆఫీస్, అంటే యుద్ధ శాఖ పత్రాలు) వరుసలో బెటాలియన్ల యుద్ధ దినచర్యలు ఉన్నాయి. జులై 1న దాడికి దిగిన ఒక బెటాలియన్‌ను ఎంచుకుని, ఆ నెలంతా రోజువారీగా నాలుగు గడుల్లో నింపండి. ఆఫీసర్లను పేర్లతోనూ, మామూలు సైనికులను ఒట్టి అంకెలుగానూ రాయడం అందులో తరచుగా కనబడుతుంది. ఆ తేడాను కూడా నమోదు చేయండి. తర్వాత కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో అదే బెటాలియన్ పేర్లు, మరణ తేదీలు వెతకండి. రెండూ కలవవు. ఎంతమంది దగ్గర కలవలేదో, ఒక్కొక్కరి విషయంలో ఎందుకు కలవలేదని మీరు అనుకుంటున్నారో రాసి పంపండి. కలిశాయని రాసినవారి జవాబు నేను చదవను.