కుంకుమ ఒక్కటే ఎర్రగా, మిగతాదంతా నలుపు తెలుపు

తిరుపతి గంగమ్మ జాతరలో తీసిన ఫొటో ఉందనుకుందాం. బండ వేషం కట్టిన మనిషి, ఒళ్ళంతా కుంకుమ. వెనక వేపమండలు, ఫ్లెక్సీలు, ఎవరిదో నీలం చొక్కా. కుంకుమ రంగు ఉంచి మిగతాదంతా నలుపు తెలుపు చేయాలి.

చాలామంది శాచురేషన్ (రంగు గాఢత) స్లైడర్లు పట్టుకుని ఎరుపు తప్ప అన్నీ సున్నాకి లాగేస్తారు. కుంకుమ మిగులుతుంది, దాంతోపాటు చుట్టూ ఉన్నవాళ్ళ పెదవులు, చెవులు, అరచేతులు కూడా ఎర్రగా మిగులుతాయి. ముఖాల మీద దద్దుర్లు లేచినట్టుంటుంది. రంగుల చక్రంలో కుంకుమ 0 డిగ్రీల దగ్గర ఉంటే, మన ఒంటి రంగు, చామనఛాయైనా పచ్చని ఛాయైనా, సుమారుగా 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఫొటోషాప్ హ్యూ శాచురేషన్‌లో 'రెడ్స్' 345 నుంచి 15 డిగ్రీల దాకా పూర్తిగా పనిచేసి, 45 దాకా మెల్లగా తగ్గుతూ పోతుంది. అంటే చర్మం సగం రెడ్స్‌లో, సగం యెల్లోస్‌లో పడుతుంది. స్లైడర్లతో ఇది తెగే లెక్క కాదు, మాస్క్ వేయాల్సిందే, అంటే మార్పు ఎక్కడ పడాలో ఎక్కడ పడకూడదో చెప్పే ముసుగు.

అసలు ఫైలుతోనే మొదలుపెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో బాగా కుదించి ఉంటుంది. అలాంటి జేపెగ్‌లలో సాధారణంగా రంగు సమాచారం అడ్డంలో సగం, నిలువులో సగమే ఉంటుంది. వెలుగు మాత్రం పూర్తిగా ఉంటుంది కాబట్టి మామూలుగా చూస్తే తెలియదు. పక్కదంతా బూడిదరంగు చేశాక కుంకుమ అంచు దాటి ఎరుపు కారినట్టు కనిపిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

ఫొటోషాప్‌లో బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేయండి. అసలు ఫొటోని ముట్టుకోకుండా దానిమీద పరిచే పొర ఇది, మాస్క్ దీనితోపాటే వస్తుంది. షిఫ్ట్, కంట్రోల్, యు నొక్కి వచ్చే డీశాచురేట్ జోలికి పోవద్దు. అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానెళ్ళలో ఎక్కువదాన్నీ తక్కువదాన్నీ కలిపి సగం చేస్తుంది. అచ్చమైన ఎరుపూ అచ్చమైన ఆకుపచ్చా ఒకే బూడిదరంగైపోతాయి, అప్పుడు వేపమండ ఏదో ఎర్రచీర ఏదో తేడా తెలియదు.

బ్లాక్ అండ్ వైట్‌లో ఆరు స్లైడర్లు 40, 60, 40, 60, 20, 80 దగ్గర మొదలవుతాయి. ఇలాంటి ఫొటోకి యెల్లోస్ 75 దాకా పెంచితే ముఖాలు వెలుగుతాయి. గ్రీన్స్ 20కి దించితే వేపాకు వెనక్కి తగ్గుతుంది. బ్లూస్ మరీ కిందికి లాగితే ఆకాశంలో మరకలు, గింజలు తేలుతాయి.

తర్వాత ఆ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాన్ని కనపడకుండా చేసి, కింది ఫొటో లేయర్ ఎంచుకుని సెలెక్ట్ మెనూలో కలర్ రేంజ్ తెరవండి. ఫజీనెస్ (దగ్గరి రంగుల్ని ఎంతవరకు కలుపుకోవాలో) 40 పెట్టి, షిఫ్ట్ పట్టుకుని కుంకుమ మీద మూడు చోట్ల నొక్కండి: ఎండ తగిలినచోట, మామూలుగా ఉన్నచోట, చంక కింద నీడలో. చాలామంది నీడలో నొక్కడం మరిచిపోతారు. ఒంటి మీద బూడిదరంగు పట్టీలు పడేది అందుకే. లోకలైజ్డ్ కలర్ క్లస్టర్స్ టిక్ పెట్టి రేంజ్ తగ్గిస్తే దూరంగా ఉన్న ఎర్ర బోర్డులు చాలావరకు వదిలిపోతాయి. ఓకే కొట్టి, కన్ను తెరిచి, బ్లాక్ అండ్ వైట్ లేయర్ మాస్క్ మీద నొక్కి నలుపు నింపండి. కంట్రోల్, డి నొక్కి సెలెక్షన్ తీసేయండి.

ఇక చేతిపని. మాస్క్ మీద తెల్ల బ్రష్ రంగు తీసేస్తుంది, నల్ల బ్రష్ తిరిగి తెస్తుంది. హార్డ్‌నెస్ 70, ఫ్లో 30 చాలు. ఆల్ట్ పట్టుకుని మాస్క్ బొమ్మ మీద నొక్కితే మాస్క్ ఒక్కటే తెరమీదికొస్తుంది. ఫొటోలో కంటికి ఆనని చుక్కలు, చిల్లులు అక్కడ బయటపడతాయి. చివర్లో మాస్క్‌కి ఒక పిక్సెల్ లోపు గాసియన్ బ్లర్ ఇవ్వండి. పక్కవాడి చొక్కా మీద రాలిన కుంకుమను మాత్రం తుడిచేయకండి. అది కూడా తీసేస్తే మనిషిని కత్తిరించి అతికించినట్టుంటుంది.

సెలెక్టివ్ కలర్ అనే పేరుతో ఫొటోషాప్‌లో ఇంకో పరికరం ఉంది, పేరు చూసి మోసపోకండి. అది రంగులో ఇంకుల పాళ్ళు మారుస్తుంది. ఎల్ఈడీ దీపాల కింద కుంకుమ గులాబీరంగుకి తిరిగితే మాత్రం బాగా పనికొస్తుంది. అన్నిటికంటే పైన ఆ లేయర్ వేసి రెడ్స్‌లో యెల్లో 15, బ్లాక్ 10 పెంచితే చాలు, బూడిదరంగు భాగం కదలదు.

కుంకుమ ముద్దలాగా, పొడి ఆనవాలు లేకుండా ఉంటే ఎర్ర చానెల్ 255కి, అంటే దాని గరిష్ఠానికి, తగిలిందన్నమాట. జేపెగ్‌లో దానికి మందు లేదు. తీసేటప్పుడే కెమెరాలో రా (సెన్సర్ పట్టిన సమాచారం ఉండే అసలు ఫైలు) పెట్టి, ఎక్స్‌పోజర్ మూడింట రెండు స్టాపులు తగ్గించి, హిస్టోగ్రామ్‌లో (వెలుగు పాళ్ళు చూపే గ్రాఫ్‌లో) ఎరుపు గీత కుడి గోడకు తగలకుండా చూసుకోవాలి.

ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్‌లో బ్లాక్ అండ్ వైట్ వేసి, వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్ళి దాని బ్రష్ తెరవండి. ముందు ఇన్వర్ట్ కొట్టి, విలువ 0 చేసి కుంకుమ మీద రుద్దండి. ఫొటో పెద్దది చేసేకొద్దీ బ్రష్ సన్నబడుతుంది.

ప్రింటుకి ఇచ్చేముందు ఫైల్ ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో పెట్టండి. ఫ్లెక్స్ మెషీన్‌లో బూడిదరంగు కూడా సాధారణంగా నాలుగు ఇంకులు కలిసే వస్తుంది, ఒక ఇంకు కాస్త ఎక్కువైనా నలుపు తెలుపు భాగం పచ్చగానో వంకాయరంగుగానో తేలుతుంది. ముఖం, కుంకుమ, వేపాకు మూడూ పడేలా అడుగు వెడల్పు ముక్క కొట్టించి, పగటి వెలుగులో చూశాకే పెద్దది కొట్టమనండి.