ఎనామెల్ క్యాస్ట్ ఐరన్ పాన్‌లో గోంగూర మటన్

గోంగూరను పూత లేని ఇనుప బాణలిలో వండితే కూర నల్లబడి ఇనుము రుచి వస్తుంది. పోత ఇనుము మీద ఎనామెల్ పూత వేసిన పాన్‌లో ఆ బెడద ఉండదు. ఆ పూత గాజే, పులుపు దాన్ని దాటి ఇనుమును తాకదు. గుంటూరు వంటలకు ఇంత అనువైన పాత్ర దొరకడం కష్టమే. కాకపోతే పెద్ద మంట మీద హడావిడిగా వండే అలవాటు దీని దగ్గర పనికిరాదు.

కిలో మటన్‌కి 30 సెం.మీ. వెడల్పున్న పాన్ సరిపోతుంది. ఎముకతో ఉన్న జబ్బ ముక్కలు తీసుకోండి. ఫ్రిజ్‌లో ఉంటే అరగంట ముందు బయట పెట్టి, తడి లేకుండా తుడవండి.

పాన్‌లో 5 టేబుల్ స్పూన్ల నూనె పోశాకే స్టవ్ వెలిగించాలి. ఖాళీగా కాలిస్తే పూత పగుళ్లివ్వొచ్చు. పెద్ద బర్నర్ మీద సిమ్‌లో ఐదారు నిమిషాలు కాగనివ్వండి. నూనె పలచబడి మెరుస్తున్నప్పుడు ముక్కల్ని రెండు విడతలుగా, ఒకదానికొకటి తగలకుండా వేసి ఎర్రగా వేయించండి. ముక్క అంటుకుంటే గీకొద్దు, రంగు తిరిగాక దానంతటదే వదులుతుంది. అన్నీ ఒకేసారి పోస్తే నీరూరి ఉడుకుతాయే తప్ప వేగవు.

ముక్కలు పక్కకు తీసి, అదే పాన్‌లో మూడు పెద్ద ఉల్లిపాయల తరుగు వేసి, అడుగున పట్టిన ఎర్రటి పొరను చెక్క గరిటెతో కదపండి. కూర రుచంతా అక్కడే ఉంది. రెండు స్పూన్ల అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెంచా పసుపు వేసి పచ్చివాసన పోయాక స్టవ్ కట్టేయండి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మంట ఆపినా ఈ పాన్ వెంటనే చల్లారదు, ఆ వేడికే గుంటూరు కారం మాడి చేదెక్కుతుంది. రెండు నిమిషాలు ఆగి, రెండు టేబుల్ స్పూన్ల కారం, ఒక స్పూను ధనియాల పొడి వేసి, ఒక్కసారి కలిపి, వెంటనే రెండు గ్లాసుల వేణ్నీళ్లు పోయండి. చన్నీళ్లు పోస్తే పూత చిట్లిపోవచ్చు.

ముక్కలు, ఉప్పు వేసి, మూత పెట్టి సిమ్‌లో గంటన్నర నుంచి రెండు గంటలు ఉంచండి. అప్పుడప్పుడూ ఒక బుడగ వస్తే చాలు. కుతకుతలాడితే మంట ఎక్కువైనట్టే, ముక్క పీచులా గట్టిపడుతుంది. నెమ్మదిగా ఉడికితేనే ఎముక చుట్టూ ఉన్న జిగురు కరిగి గ్రేవీ చిక్కబడుతుంది. మూత బరువుకి ఆవిరి పెద్దగా పోదు కాబట్టి మళ్లీ నీళ్లు అక్కర్లేదు.

ఈలోగా మూడు కట్టల ఎర్ర గోంగూర ఆకుల్ని నాలుగు పచ్చిమిర్చితో విడిగా మగ్గించి మెదపండి. ముక్క మెత్తబడ్డాకే కలిపి పావుగంట ఉంచండి. ముందే వేస్తే ముద్ద అడుగుకు దిగి మాడుతుంది. ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు చిన్న గరిటెలో విడిగా పెట్టి పైన పోయండి.

దించేటప్పుడు పిడులు పొడి గుడ్డతో పట్టుకోండి, తడి గుడ్డయితే చేయి కాలుతుంది. తడి గ్రానైట్ గట్టు మీద కాకుండా చెక్క పీట మీద పెట్టండి. పూర్తిగా చల్లారాకే కడగాలి. స్టీల్ పీచు వద్దు. అడుగున పట్టుంటే నీళ్లలో రెండు స్పూన్ల వంటసోడా వేసి ఐదు నిమిషాలు మరిగిస్తే వదులుతుంది. పసుపు మరక మిగిలినా నష్టం లేదు. లోపలి పూత పెచ్చు లేస్తే మాత్రం అందులో వండకండి, గాజు పలుకులు కూరలో కలుస్తాయి.

ఈ కూర మర్నాటికి ఇంకా రుచి. పాన్‌తో సహా ఫ్రిజ్‌లో పెట్టినట్టయితే, చల్లదనం పూర్తిగా పోయాకే స్టవ్ ఎక్కించి, సిమ్‌లోనే వేడిచేయండి.