కాన్సాస్ పల్లె కౌంటీకి వెళ్తున్న మన శ్రీకాకుళం పిల్లలకి: ఇక్కడి తుఫాను లెక్క అక్కడ పనికిరాదు

పలాసలో మా అమ్మ వాళ్ళింట్లో కూర్చుని రాస్తున్నాను ఇది, రెండు వారాల సెలవు మీద వచ్చాను. పక్కింటి అక్క కొడుక్కి అమెరికాలో పశ్చిమ కాన్సాస్‌లో ఒక చిన్న ఊరి హాస్పిటల్లో ఉద్యోగం వచ్చింది, నిన్న సాయంత్రం వచ్చి "పిన్నీ, అక్కడ కూడా గాలివానలొస్తాయంట కదా, మనకేటి భయం, తిత్లీ చూసినోళ్ళం" అని నవ్వాడు. నేనూ అచ్చం అదే మాట అనుకుని అక్కడ దిగాను. అందుకే వాడికి చెప్పినవన్నీ ఇక్కడ పెడుతున్నాను, అటు వెళ్ళేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే పనికొస్తాయని.

మన తుఫాను ఎలాంటిదంటే ముందే పేరు పెట్టుకుని మరీ వస్తుంది. అల్పపీడనం అంటారు, వాయుగుండం అంటారు, కళింగపట్నం పోర్టులో ఎన్నో నంబర్ హెచ్చరిక ఎగరేశారో టీవీలో చెప్తారు, ఆటోకి మైకు కట్టుకుని ఊళ్ళోకొచ్చి పెంకుటిళ్ళ వాళ్ళంతా స్కూలుకి పోండి అని అరుస్తారు. 2018 అక్టోబర్ 11న తెల్లారకుండానే తిత్లీ తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి జీడి తోటలన్నీ పడుకుండిపోయాయి, ఇంత గట్టిగా కొడుతుందని అనుకోలేదు గానీ వస్తోందని మాత్రం అందరికీ తెలుసు. అక్కడ టోర్నడో, అంటే మబ్బు నుంచి నేలకి దిగే సుడిగాలి, అలా కాదు. వార్నింగ్ వచ్చాక చేతిలో ఉండేది మామూలుగా ఓ పది నిమిషాలు, ఒక్కోసారి అదీ ఉండదు. మైకు పట్టుకుని ఎవరూ మీ ఇంటికి రారు, ఆ కబురు మీ చెవిన పడే ఏర్పాటు మీరే ముందుగా చేసుకోవాలి.

నా మొదటి మే నెల సంగతి చెప్తాను. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, సాయంత్రం ఆరున్నర అయ్యుంటుంది, ఫోన్ ఒక్కసారిగా గీపెట్టింది, బయట సైరన్ కూడా. నేనేం చేశానో తెలుసా, పాపని చంకనేసుకుని మేడ మీదకి పరిగెత్తాను. చిన్నప్పటి నుంచీ మనకి ప్రమాదం అంటే నీళ్ళే కదా, ఉప్పెనొస్తే మేడెక్కు, వంశధార పొంగితే మేడెక్కు, చివరికి మన తుఫాను షెల్టర్ కూడా స్తంభాల మీదే ఉంటుంది. మా ఇంటి ఓనరు పెద్దాయన వెనక తలుపు బాదుతూ కిందకి రా కిందకి రా అని అరిస్తే గానీ నాకు బుర్ర పని చెయ్యలేదు. గంట సేపు ఆయన బేస్‌మెంట్‌లో పచ్చళ్ళ సీసాల మధ్య కూర్చున్నాం (వాళ్ళు కూడా దోసకాయలూ బీట్‌రూట్లూ ఊరబెట్టి అరలనిండా దాస్తారు, మా అమ్మ చూస్తే మెచ్చుకునేది). టోర్నడో మా ఊరికి చాలా దూరంగా పొలాల్లో పోయింది, కానీ ఆ రోజు నాకు ఎక్కింది ఒకటే, ఇక్కడ పైకి, అక్కడ కిందకి.

ఇక మాటలు నేర్చుకోండి. వాచ్ అంటే టోర్నడో వచ్చే పరిస్థితులు ఉన్నాయని, అది ఓక్లహోమాలో నార్మన్ అనే ఊళ్ళో ఉండే స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ వాళ్ళు ఒకేసారి చాలా కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) కలిపి కొన్ని గంటల పాటు ఇస్తారు, అప్పుడు మీ పని మీరు చేసుకోవచ్చు గానీ బూట్లు దగ్గర పెట్టుకోండి, ఫోన్ ఛార్జ్ పెట్టుకోండి, లాంగ్ డ్రైవ్‌లు మానుకోండి. వార్నింగ్ అంటే రాడార్‌లో సుడి కనిపించింది లేదా ఎవరో కళ్ళారా చూశారు, ఇది డాడ్జ్ సిటీ, గుడ్‌ల్యాండ్, విచిటా లాంటి చోట్ల ఉన్న వాతావరణ ఆఫీసులు చిన్న ముక్క మేరకే ఇస్తాయి. వార్నింగ్ వచ్చిందంటే కిటికీ దగ్గరికెళ్ళి వీడియో తియ్యడాలు లేవు, దిగిపోవడమే.

కౌంటీ పేరు బట్టీ పట్టండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది, కొత్తవాళ్ళంతా తప్పేది ఇక్కడే. మనవాళ్ళకి ఊరి పేరూ పిన్‌కోడూ తప్ప కౌంటీ పేరు తెలీదు, రేడియోలో చెప్పేదేమో కౌంటీ పేరుతో. మీదీ, మీ చుట్టూ ఉన్నవీ, ముఖ్యంగా నైరుతి వైపువి ఏంటో మ్యాప్‌లో చూసి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి, ఎందుకంటే టోర్నడోలు ఎక్కువగా నైరుతి నుంచి ఈశాన్యానికే నడుస్తాయి, నైరుతి కౌంటీకి వార్నింగ్ వచ్చిందంటే తర్వాత మీ వంతు కావచ్చు. సీజన్ ముఖ్యంగా ఏప్రిల్ నుంచి జూన్, ఎక్కువగా సాయంత్రాలు, కానీ రాత్రులు రావని కాదు. 2007 మే 4న కియోవా కౌంటీలో గ్రీన్స్‌బర్గ్ అనే ఊరు, మన మందస కంటే చిన్నది, రాత్రి 10 గంటల లోపే దాదాపు 95 శాతం తుడిచిపెట్టుకుపోయింది. ఆ టోర్నడోని ఇ.ఎఫ్.5 అన్నారు, టోర్నడోల కొలతలో అన్నిటికంటే పై మెట్టు, అంటే గాలి గంటకి 320 కిలోమీటర్ల పైన, మన తిత్లీ 140, 150 మధ్య. వాతావరణ ఆఫీసు ముందే గట్టిగా హెచ్చరించబట్టి, జనం బేస్‌మెంట్లలో దిగి ఉండబట్టి ఆ రాత్రి అంతమంది బతికారు.

రాత్రి నిద్రలో ఎలా తెలుస్తుంది అంటే, సైరన్ని నమ్ముకోకండి, అది బయట పొలంలో రోడ్డు మీద ఉన్నవాళ్ళ కోసం, తలుపులేసుకుని ఏసీ పెట్టుకుంటే వినబడదు. ఫోన్‌లో గవర్నమెంట్ అలర్ట్‌లు విసుగొచ్చి ఆఫ్ చెయ్యకండి. కానీ పల్లెల్లో సిగ్నల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, కాబట్టి నోవా వెదర్ రేడియో (అమెరికా వాతావరణ శాఖ హెచ్చరికలు వినిపించేది) ఒకటి కొనండి, ఓ 30 డాలర్లకి వస్తుంది, కరెంటు పోయినా బ్యాటరీ మీద పనిచేస్తుంది, మీ కౌంటీ కోడ్ ఆరంకెలు అందులో కొట్టుకుంటే మీ కౌంటీకి వచ్చిన అలర్ట్‌కే అర్ధరాత్రి లేపుతుంది. కోడ్ కొట్టకపోతే చుట్టుపక్కల అన్ని కౌంటీలకీ మోగి మోగి మీరే దాన్ని తీసి పక్కన పడేస్తారు, మేం మొదటి నెల అదే చేశాం.

ఎక్కడ దాక్కోవాలి అంటే బేస్‌మెంట్. అది లేకపోతే కింద ఫ్లోర్‌లో మధ్యలో ఉండే కిటికీ లేని గది, బాత్‌రూమో బట్టల గదో. కాళ్ళకి బూట్లు, తలకి హెల్మెట్, సైకిల్‌దైనా సరే. కిటికీలు తెరవాలని కొందరు చెప్తారు, అది పాత అపోహ, వదిలెయ్యండి. అద్దె తక్కువని మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి పెట్టే తేలిక ఇల్లు) తీసుకుంటారు మనవాళ్ళు కొందరు, దాన్ని నేలకి కట్టేసినా టోర్నడోలో ఆగదు, తీసుకున్నా ఎక్కడికి పరిగెత్తాలో మొదటి రోజే తెలుసుకుని ఉండాలి, వాచ్ రాగానే అక్కడికి వెళ్ళిపోవడం మంచిది. కారులో ఉంటే వంతెన కింద మాత్రం ఆగకండి, అక్కడ గాలి ఇంకా ఎక్కువ, 1999 మే 3న ఓక్లహోమాలో అలా ఆగినవాళ్ళు చనిపోయారు.

నీళ్ళ విషయంలో మన అనుభవం కొంత పనికొస్తుంది, కొంత ముంచుతుంది. ఇక్కడ గెడ్డ మీద నీళ్ళు పారుతున్నా మోటార్‌సైకిల్ దాటించేస్తాం కదా. పారే నీళ్ళు అడుగు లోతుంటే చిన్న కారు కొట్టుకుపోతుంది, రెండడుగులకి పెద్ద బండ్లు కూడా. వెనక్కి తిప్పండి.

చలికాలం మంచు తుఫానుకి ఐ-70 రోడ్డునే గేట్లు వేసి మూసేస్తారు, బయల్దేరే ముందు రోడ్ల పరిస్థితి చెప్పే 511 చూడండి, దారిలో ఇరుక్కుంటే కారు వదిలి నడవకండి, గంటకి ఓ పది నిమిషాలు ఇంజిన్ వెయ్యండి, ముందు సైలెన్సర్ గొట్టం దగ్గర మంచు తీసి. ఇంకొకటి మనకి బొత్తిగా తెలియనిది గడ్డి మంట. 2017 మార్చిలో క్లార్క్ కౌంటీలో చాలా భాగం అలా కాలిపోయింది, ఈదురు గాలికి మంట గుర్రంలా పరిగెడుతుంది, రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ (మంట అంటుకుంటే ఇట్టే పాకే వాతావరణం అనే హెచ్చరిక) రోజున పెరట్లో బార్బెక్యూ పొయ్యి కూడా వద్దు. ఆర్పడానికి వచ్చేవాళ్ళు చాలావరకు వాలంటీర్లు, పనులు మానుకుని రావాలి, కాబట్టి వెళ్ళిపోమంటే వెంటనే వెళ్ళిపోండి.

సామాన్లకి పెద్దగా ఖర్చు లేదు. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ (దాదాపు నాలుగు లీటర్లు) చొప్పున మూడు రోజుల నీళ్ళు, పొలాల్లో ఇల్లయితే నీళ్ళు బోరు నుంచే వస్తాయి, కరెంటు పోతే మోటారు పోయినట్టే. అటుకులు, బెల్లం, వేయించిన పల్లీలు, మన తుఫాను మూట ఎలా కట్టేవాళ్ళమో అలాగే. జనరేటర్ ఇంట్లో గాని గ్యారేజ్‌లో గాని వెయ్యొద్దు, ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనుండదు, ప్రాణం తీస్తుంది. పాస్‌పోర్ట్, వీసా ఆమోదం కాగితం ఐ-797, పిల్లల సర్టిఫికెట్లు ఫోటోలు తీసి ఇక్కడ అమ్మానాన్నలకి కూడా పంపి ఉంచండి.

డబ్బు సంగతి కొంచెం ఓపిగ్గా చదవండి. ఇక్కడ తుఫాను తర్వాత ఎన్ని చెట్లు పడ్డాయని రాసుకోడానికి ఎవరో ఒకరు వస్తారు, ఆలస్యమైనా ఎంతో కొంత పడుతుంది. అక్కడ ఫెమా అని విపత్తు సాయం చేసే ప్రభుత్వ సంస్థ ఉంది, కానీ ఇల్లు పోయినవాళ్ళకి ఇచ్చే నగదు సాయం సిటిజన్లకీ గ్రీన్‌కార్డ్ లాంటివి ఉన్నవాళ్ళకే, హెచ్-1బీ, జే-1, ఎఫ్-1 వీసాల మీద ఉన్న మనకి రాదు. అక్కడ పుట్టిన సిటిజన్ పిల్లలుంటే వాళ్ళ పేరున అడగొచ్చు. షెల్టర్, తిండి, మంచినీళ్ళు మాత్రం వీసా చూడకుండా ఇస్తారు, అక్కడికి వెళ్ళడానికి భయపడకండి. ఓనరుకి ఉన్న ఇన్సూరెన్స్ గోడలకీ పైకప్పుకీ, మీ మంచాలకీ బీరువాకీ కాదు, కాబట్టి రెంటర్స్ ఇన్సూరెన్స్ దిగిన వారమే తీసుకోండి. అందులో వరద కలవదు, దానికి వేరే పాలసీ, మామూలుగా కొన్నాక 30 రోజులకి గాని అమల్లోకి రాదు, మబ్బు చూసి కొంటే లాభం లేదు. కారుకి కాంప్రిహెన్సివ్ ఇన్సూరెన్స్ లేకపోతే వడగళ్ళ దెబ్బ మీ జేబుకే, మా మొదటి కారు బానెట్ బంగాళాదుంపల బస్తాలా తయారైతే పైసా రాలేదు.

ఇదంతా విని మా అమ్మ "అయితే ఆ ఊళ్ళో మైకు కూడా కట్టరేటే" అని అడిగింది. సైరన్ ఉంటుందమ్మా అన్నాను. అదొక్కటి చెప్పి ఆపేస్తాను: చాలా కౌంటీల్లో వారానికో నెలకో ఒక రోజు పెట్టుకుని సైరన్ టెస్ట్ చేస్తారు, ఆ రోజేదో పక్కింటివాళ్ళని అడగండి, ఎండ కాస్తుండగా ఆ టైముకి మోగితే గుండె పట్టుకోనక్కర్లేదు. వాతావరణం బాలేని రోజు మామూలుగా టెస్ట్ మానేస్తారు. కాబట్టి మబ్బు పట్టి ఉండగా మోగితే టెస్టేమో అనుకుంటూ నిలబడకండి, పిల్లని ఎత్తుకుని కిందకి దిగండి.