పాట దానంతట అదే ఆగిపోతోందా? ముందు బటన్ ఎవరు నొక్కారో తేల్చుకోండి

ఆండ్రాయిడ్ ఫోన్‌లో పాట మధ్యలో ఆగిపోతున్నదని హనుమకొండలోని మా మరమ్మతు దుకాణానికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే యాప్‌ను తీసివేసి మళ్లీ వేసుకుని, డౌన్‌లోడ్ చేసుకున్న పాటలన్నీ పోగొట్టుకుని వస్తారు. కొందరైతే ఫోన్‌ను పూర్తిగా రీసెట్ కూడా చేసి ఉంటారు. ఇయర్‌ఫోన్ తీసేసి, బ్లూటూత్ ఆపి, ఫోన్ స్పీకర్‌లోనే పది నిమిషాలు పాట పెట్టి చూశారా అని అడిగితే మాత్రం లేదంటారు. దయచేసి ఈ పరీక్ష చేయకుండా కింద రాసినవాటిలో దేని జోలికీ వెళ్లవద్దు. స్పీకర్‌లో పాట అడ్డంకి లేకుండా సాగిందంటే, తప్పు యాప్‌లో లేదని దాదాపు తేలినట్టే.

ఆగిన క్షణంలో తెర ఏం చెబుతోంది

ప్లే బటన్ మీది బొమ్మ ఇప్పుడు జరుగుతున్నదాన్ని కాక, నొక్కితే జరగబోయేదాన్ని చూపుతుంది. పాట నడుస్తున్నప్పుడు రెండు నిలువు గీతలు, ఆగినప్పుడు త్రికోణం కనిపిస్తాయి. కారణాన్ని సగం పట్టించేది ఈ బొమ్మే కాబట్టి, పాట ఆగగానే చిరాకుతో మళ్లీ నొక్కేయకుండా ఒక్క క్షణం దాన్ని చూడండి.

రెండు గీతలే ఉండి, సీక్ బార్ (పాట ఎంతవరకు నడిచిందో చూపే గీత) కదులుతూనే ఉండి, శబ్దం మాత్రం లేకపోతే పాట ఆగలేదు, వేరే పరికరంలోకి వెళ్లింది. ఇంట్లోని బ్లూటూత్ స్పీకరో, వాకిట్లో నిలిపిన కారో దాన్ని అందుకుని ఉంటుంది. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్‌లోని పాట పెట్టె మూలన శబ్దం ఎటు వెళుతున్నదో కనిపిస్తుంది. అక్కడ నొక్కి ఫోన్‌ను ఎంచుకుంటే సరిపోతుంది. సీక్ బార్ కదలకుండా చక్రం తిరుగుతుంటే అది నెట్‌వర్క్ సమస్య. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో వెళ్లేవారు పాటలను ఇంట్లోనే దించుకోవడం మేలు.

పాట పెట్టె నోటిఫికేషన్‌లోంచి, లాక్ స్క్రీన్ మీది నుంచి పూర్తిగా మాయమైతే, ఛార్జింగ్ ఆదా చేయడం కోసం ఫోనే యాప్‌ను మూసివేసిందని అర్థం. ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ను అన్‌రిస్ట్రిక్టెడ్‌కు (పరిమితి లేకుండా) మార్చండి. ఇది అందరికీ తెలిసిన మందే, కానీ ప్రతి రోగానికీ ఇదే మందని వాడుతున్నారు. పెట్టె మాయం కానప్పుడు దీనితో ప్రయోజనం లేదు.

ఇక పెట్టె ఉన్నచోటే ఉండి, బొమ్మ త్రికోణంగా మారి ఉంటే యాప్ తన పని సరిగ్గా చేసినట్టు. ఆపమని దానికి ఎవరో చెప్పారు, అది ఆగింది. ఆ చెప్పిందెవరో కనుక్కోవడమే మన పని.

ఆపమని చెప్పిందెవరు

వీడియోల యాప్‌లో ఏదైనా మోగినా, వాయిస్ మెసేజ్ తెరిచినా శబ్దం హక్కు ఆ యాప్‌కు వెళుతుంది, పాట ఆగుతుంది. ఇది లోపం కాదు, ఆండ్రాయిడ్ పద్ధతే అది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ అయితే వాటి మీది టచ్‌కు తలగుడ్డో, హెల్మెట్టో రాసుకుంటుంది; వాటి యాప్‌లో టచ్ ఆపేసి చూడండి. ఈ రెండూ కాకపోతే, వైరు ఇయర్‌ఫోన్ దగ్గరికి రండి. నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డులో తూకాలు వేసే ఒక దడువాయి, దసరా దాటి పత్తి రాక జోరందుకున్న రోజుల్లో నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నేను ఆపుతలేను, పాట దానంతట అదే ఆగుతున్నది, ఒక్కోసారి ఇంకో పాటకు దుంకుతున్నది" అన్నాడు. నేను బ్యాటరీ సెట్టింగ్ మార్చి పంపాను. నాలుగు రోజులకు తిరిగి వస్తే యాప్ తీసి మళ్లీ వేశాను, అతను దాచుకున్న పాటలు పోయాయి. మూడోసారి వచ్చినప్పుడు గానీ జాక్‌లోకి, అంటే ఇయర్‌ఫోన్ పిన్ను దూర్చే రంధ్రంలోకి, టార్చి వేసి చూడాలని నాకు తోచలేదు. లోపల పత్తి నూగు చెమటతో తడిసి, అట్టలా గట్టిపడి ఉంది. మొదటి రోజే చూసి ఉంటే అతని పాటలు మిగిలేవన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నూగుకూ, పాట ఆగడానికీ సంబంధం ఏమిటంటారా? మైకు ఉన్న ఇయర్‌ఫోన్ పిన్ను మీద మూడు నల్ల పట్టీలు, వాటి మధ్య నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. కొస నుంచి వరుసగా అవి ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండ్ (మిగతా మూడింటికీ ఉమ్మడి తీగ), మైకు. వైరు మీది బటన్‌కు ప్రత్యేకంగా తీగ ఉండదు. అది నొక్కినప్పుడు మైకునూ గ్రౌండునూ కలుపుతుంది, వాటి మధ్య ఎంత విద్యుత్ నిరోధం ఉన్నదో ఓమ్‌లలో కొలిచి ఏ బటన్ నొక్కారో ఫోన్ తెలుసుకుంటుంది. ఆండ్రాయిడ్ నిర్దేశాల ప్రకారం సున్నా ఓమ్‌లంటే ప్లే లేదా పాజ్, 240 అంటే శబ్దం పెంచడం, 470 అంటే తగ్గించడం. నూగు అడుగున చేరి పిన్ను గోరు మందమంత బయట నిలిచినా చాలు, జాక్‌లోని మైకు స్ప్రింగు పిన్ను మీది మైకు, గ్రౌండ్ భాగాలు రెండింటినీ ఒకేసారి తాకుతుంది. అక్కడ నిరోధం సున్నాకు పడిపోతుంది, ఫోన్‌కు అది మనిషి వేలు నొక్కినట్టే అనిపిస్తుంది. నడుస్తుంటే వైరు ఊగి ఒకసారి తాకితే పాట ఆగుతుంది, వెంటవెంటనే రెండుసార్లు తాకితే తర్వాతి పాట వస్తుంది, అలాగే అంటుకుని ఉండిపోతే వాయిస్ అసిస్టెంట్ తెరుచుకుంటుంది. ఈ మూడు లక్షణాలూ కలిసి కనిపిస్తే ఇక యాప్‌ను అనుమానించనక్కర లేదు.

దీనికి దగ్గరగా కనిపించేది ఇంకొకటి ఉంది. పిన్ను వదులై ఊడినట్టు ఫోన్‌కు తోస్తే, పాట నలుగురిలో స్పీకర్‌లో మోగకుండా యాప్ దాన్ని ఆపేస్తుంది. అప్పుడు పైపట్టీలోని ఇయర్‌ఫోన్ గుర్తు ఒక్క క్షణం పోయి వస్తుంది, పాటలు మాత్రం దుంకవు. రెండింటికీ మందు ఒకటే.

అయితే తప్పు జాక్‌దా, వైరుదా అన్నది ముందు తేల్చండి. మూడు పట్టీలున్న మరో ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి. దానితోనూ ఆగుతుంటే జాక్, ఆగకపోతే పాత వైరు మీది బటన్‌లోకి చెమట దిగి ఉంటుంది; దాన్ని బాగుచేసే శ్రమకన్నా కొత్తది కొనడం నయం. రెండే పట్టీలున్న మైకు లేని ఇయర్‌ఫోన్‌తో ఈ పరీక్ష చేయవద్దు. దాన్ని పెట్టినప్పుడు ఫోన్ బటన్ల కోసం చూడదు కాబట్టి, జాక్ చెడినా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

జాక్ శుభ్రం చేయడానికి ఫోన్ ఆపి, మూతిని నేలవైపు పట్టుకుని, చెక్క టూత్‌పిక్‌ను గోడలకు రాయకుండా మెల్లగా తిప్పుతూ నూగును బయటికి లాగండి. పిన్నీసు, సూది పెడితే లోపలి స్ప్రింగులు వంగుతాయి. నోటితో ఊదితే తేమ చేరుతుంది, రబ్బరు బ్లోయర్ వాడండి. దూది చుట్టిన పుల్ల వాడితే తీసిన నూగు స్థానంలో కొత్తది చేరుతుంది. జిగురు మిగిలితే, సన్నని బ్రష్షుకు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (త్వరగా ఆరిపోయే శుభ్రపరిచే ద్రవం) అద్ది తుడిచి, పూర్తిగా ఆరాకే ఫోన్ ఆన్ చేయండి. తర్వాత పిన్ను టక్కున శబ్దం చేస్తూ చివరిదాకా దిగాలి. టైప్-సి ఇయర్‌ఫోన్లవారు ఛార్జింగ్ రంధ్రాన్ని కూడా ఇలాగే చూసుకోవాలి, అక్కడ నడుమ ఉన్న సన్నని పలకకు మాత్రం పుల్ల తగలనివ్వకండి.

పాట ఆగినా రెండు గీతలు మారకపోవడం, బటన్ నొక్కినా బొమ్మ కదలకపోవడం యాప్ లోపాలు. పాట స్థితిని యాప్ సరిగ్గా తెలపనప్పుడు నోటిఫికేషన్‌లో అలా కనిపిస్తుంది, అప్‌డేట్ చేసుకోండి. ఫోన్ బోర్డు మీది ఆడియో ఐసీ (శబ్దాన్ని నడిపే చిప్) పోవడం చాలా అరుదు. జాక్ శుభ్రం చేసి, వైరు మార్చి చూడకముందే ఎవరైనా ఆ మాట అంటే ఫోన్ విప్పనివ్వకండి.